వెనక జేబులో మూత

అద్దంకిలో వీరబాబు షెడ్డుకి దారి అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. "దర్శి రోడ్డు ఎక్కి కాసేపు చెవులు రిక్కించండి. ఎవరి గొంతు వినపడితే వాడే వీరబాబు" అంటారు. మనిషి సన్నం, గొంతు లావు. చేతిలో పానా ఆడుతుంటే నోట్లో కథ ఆడాల్సిందే. కథ రసపట్టులో పడితే పానా ఆగుతుంది, పానా ఊపందుకుంటే కథ ఆగుతుంది. రెండూ ఒకేసారి నడిచిన రోజున మాత్రం ఏదో ఒకటి తేడా వస్తుంది.

పనిలో మొనగాడే. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరు. కానీ వైద్యం చేశాక రోగి కడుపులో కత్తెర మర్చిపోయే రకం అని భార్య కోటేశ్వరి అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఒకసారి ఒక జీపు ఇంజను మీద మర్చిపోయిన స్క్రూడ్రైవరు ఒంగోలు దాకా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చింది. ఇంకోసారి ఒకాయన కారుకి ఏసీ బాగుచేస్తే, ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది గానీ కిటికీ అద్దం దిగడం మానేసింది. "ఏసీ ఉండగా అద్దం దించాల్సిన పనేముందండీ?" అని వీరబాబు ఆయన్ని నవ్వించి, మళ్ళీ తలుపు విప్పి కూర్చున్నాడు. అలా నవ్వించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించి పంపుతాడు కాబట్టే జనం వేరే షెడ్డుకి పోరు.

మొన్నామధ్య ఒక చక్రం బోల్టు కనపడక షెడ్డంతా తిరగేసిన రోజున కోటేశ్వరికి ఒళ్ళు మండింది. "ఊడదీసింది ఊడదీసినట్టు జేబులో వేసుకో. ఎక్కడంటే అక్కడ పెట్టావంటే నా మీద ఒట్టే" అంది. వీరబాబు ఆ ఒట్టు తు.చ. తప్పకుండా పాటించాడు. చివరికి ఆ ఒట్టే కొంప మీదికి తెచ్చింది.

మాఘమాసం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజులు. ఆ పొద్దున షెడ్డులో ఉన్న కారు ఒక్కటే. రెబ్కా మేడమ్ గారిది, చిన్న తెల్ల కారు. ఆవిడ అంగన్‌వాడీ సూపర్‌వైజరు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం. బస్సులకీ ఆటోలకీ విసిగిపోయి, యాభైకి దగ్గరపడుతున్న వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, సెకండ్‌హ్యాండులో ఈ కారు కొనుక్కుంది. ఆ రోజు వేటపాలెం చర్చిలో ఆవిడ అక్క కూతురు ఆరాధన పెళ్ళి. "నా పెళ్ళికి నన్ను నువ్వే తీసుకెళ్ళాలి పిన్నీ" అని ఆ పిల్ల పట్టుబట్టింది. చుట్టాలంతా వ్యానెక్కి ముందే వెళ్ళిపోయారు. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళేముందు ఇంజను ఆయిలు మార్పించి, గాలి చూపించుకుని వెళదామని రెబ్కా ముందురోజు సాయంత్రమే కారు షెడ్డులో వదిలింది. తెల్లారగానే, పట్టుచీర మీద చున్నీ కప్పుకుని వచ్చి నిలబడింది.

వీరబాబు పాత ఆయిలు దించి, కొత్త ఆయిలు పోస్తున్నాడు. పోస్తూ, పంటకాలవలో పడ్డ ఒక ట్రాక్టర్ని తాను ఎలా పైకి తీశాడో చెబుతున్నాడు.

రెబ్కా దగ్గరికొచ్చి తొంగి చూసింది. "వీరబాబు గారూ, ఆయిలు ఎక్కడ పోస్తారో, ఎంతుందో ఎట్టా చూడాలో నాకూ చూపించండి. నేర్చుకుంటాను."

"మీకెందుకు మేడమ్ గారూ ఈ మసి పని? పట్టుచీర కట్టుకుని బోనెట్టులో తలపెడతారా! స్టీరింగు మీది, బోనెట్టు మాది. మీరు హాయిగా నడుపుకోండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు వీరబాబు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. వీరబాబు కథలోకి తిరిగి వెళ్ళాడు. ట్రాక్టరు సరిగ్గా గట్టెక్కే ఘట్టంలో బోనెట్టు దభీమని మూసి, "ఇక పెళ్ళికి పదండి!" అన్నాడు.

కారు ఇంటికెళ్ళి, పూలు కట్టించుకుని, పెళ్ళికూతుర్నీ తోడుగా ఆగిన పెదనాన్ననీ ఎక్కించుకుని వేటపాలెం దారి పట్టింది. షెడ్డులో సామాన్లు సర్దడం అయ్యేసరికి కోటేశ్వరి ఇడ్లీల గిన్నె తెచ్చింది. వీరబాబు చేతులు కడుక్కుని, బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒక పక్కకి ఒరిగాడు. మళ్ళీ సర్దుకున్నాడు. మళ్ళీ ఒరిగాడు.

"ఏందయ్యా ఆ కుదురులేనితనం? తేలు గానీ కుట్టిందా?" అంది కోటేశ్వరి.

"వెనక జేబులో ఏదో గుచ్చుకుంటంది" అంటూ చెయ్యి పెట్టి తీశాడు. అరచేతిలోకి వచ్చింది నల్లటి ప్లాస్టిక్ మూత. దాని మీద ఆయిలు చుక్క బొమ్మ.

రెండో చేతిలోని ఇడ్లీ ముక్క గిన్నెలో పడేశాడు. షెడ్డు నలుమూలలా చూశాడు, ఆ మూత వేరే ఏ కారుదైనా అవుతుందేమోనని. వేరే కారంటూ ఉంటేగా!

"కోటేశ్వరీ... ఇంజను ఆయిలు మూత. పెళ్ళి కారుది."

"పోయిందా?"

"పోలా. భద్రంగా నా జేబులోనే ఉంది. కారు మీదే లేదు."

కోటేశ్వరికి అప్పుడు అర్థమైంది. "మూత లేకపోతే ఏమవుద్ది?"

"మూత పెట్టకుండా కుక్కరులో పప్పు ఉడకబెడితే ఏమవుద్ది? ఆయిలంతా పైకి చిమ్ముద్ది. ఇంజను వేడికి పొగలొస్తయ్. ఆయిలు బాగా తగ్గిపోతే ఇంజను పట్టేస్తది."

రెబ్కాకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. కారు నడిపేటప్పుడు ఆవిడ ఫోన్ సైలెంటులో పెట్టి సంచిలో పడేస్తుంది. మంచి అలవాటే, ఆ రోజు మాత్రం వీరబాబు పాలిట శాపమైంది. ఇక ఆలోచించలేదు. మూత మళ్ళీ జేబులో వేసుకుని, మిగిలిన ఆయిలు డబ్బా బైకుకి తాడుతో కట్టి, కిక్కు కొట్టాడు. "చెయ్యన్నా కడుక్కో!" అని కోటేశ్వరి అరిచిన అరుపు వెనకే ఉండిపోయింది. కుడిచేతికి అంటిన కొబ్బరి చట్నీ హ్యాండిలుకి పూసుకుంటూ పోయాడు.

పొలాల మీద ఎండ ఇంకా మెత్తగా ఉంది. రోడ్డుకి రెండువైపులా చివరి తీత అయిపోయిన పత్తిచేలు. ఆ తర్వాత శనగ, ఆ తర్వాత మిరప. రెబ్కా నిదానంగా నడుపుతుంది కాబట్టి హైవే దాటేలోపే అందుకోవచ్చని వీరబాబు లెక్క. హైవే దాటాడు. కారు లేదు. ఇంకాస్త దూరం పోయాక బైకు ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, ఆ తర్వాత చప్పుడు లేకుండా రోడ్డు పక్కకి వెళ్ళి ఆగింది.

ట్యాంకు మూత తీసి ఊపాడు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. ముందురోజు సాయంత్రం రెబ్కా కారు సామాన్లు కడగడానికి పెట్రోలు కావలసి వచ్చి, తన బైకు ట్యాంకులోంచే తీశాడు. తీసినవాడు మళ్ళీ పోయించడం మర్చిపోయాడు. ఊళ్ళో బళ్ళన్నిటినీ బతికించే మెకానిక్ పెట్రోలు లేక నడిరోడ్డు మీద నిలబడ్డాడు. ఎవరైనా చూస్తే కథలు కథలుగా చెప్పుకుంటారు. చూశారు కూడా. వెనక నుంచి పెద్ద హారన్ కొట్టుకుంటూ ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు రహమాన్. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఖాళీ డబ్బాలు తోలుతుంటాడు.

"ఏరా, బైకుని గాలికి ఆరబెడుతున్నావా?" అన్నాడు రహమాన్.

"నవ్వమాకరా. తొందరగా పోనీ. పెళ్ళికూతురి కారు పట్టుకోవాలి."

"ఈ వయసులో నీకిదేం పనిరా!" అని రహమాన్ పగలబడి నవ్వాడు. అసలు సంగతి విన్నాక ఇంకా ఎక్కువ నవ్వాడు. నవ్వుతూనే బైకుని కానుగ చెట్టు నీడకి తోయించి, వీరబాబుని పక్కన ఎక్కించుకుని ఆటో ఉరికించాడు. ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. రహమాన్ బ్రేకు తొక్కాడు. పాంయ్‌మని హారన్ మోగింది.

"బ్రేకు వేస్తే హారన్ ఎందుకు మోగుతందిరా?" అన్నాడు వీరబాబు.

"నన్నడుగుతావా! వైరింగు బాగుచేసింది ఎవరు? నువ్వు బాగుచేసిన రోజు నుంచీ బ్రేకు తొక్కితే హారన్, హారన్ నొక్కితే ఏమీ లేదు. చెబుదామంటే ఫోన్ ఎత్తితే కథ మొదలెడతావ్."

వీరబాబు గొర్రెల వైపు మొహం తిప్పుకున్నాడు. డబ్బాలు వెనక గలగలలాడుతుంటే, గొర్రెలు తప్పుకునేదాకా ఆటో తనంతట తనే అరుస్తూ ముందుకు పోయింది.

ఇంకొల్లులో టీకొట్టు దగ్గర ఆపి అడిగారు. "పూలు కట్టిన తెల్ల కారా? ఇప్పుడే పోయింది. ముందు బోనెట్టు సందులోంచి సన్నగా పొగొస్తంది. పెళ్ళి కారు గదా, సాంబ్రాణి గానీ వేశారేమో అనుకున్నాం" అన్నాడు టీకొట్టాయన.

"ఒరేయ్, ఆయిలు కాలిపోయి ఇంజను జామైతే పెళ్ళి ఆగిపోద్దిరా" అన్నాడు వీరబాబు.

"పెళ్ళి ఆగదు గానీ నీ షెడ్డు ఆగిపోద్ది" అన్నాడు రహమాన్. కాసేపాగి, నేస్తం మొహం చూసి జాలిపడి సలహా ఇచ్చాడు. "ఒక పని చెయ్. పోయి, బోనెట్టు ఎత్తి, అటూ ఇటూ తట్టి, గప్‌చుప్‌గా మూత పెట్టెయ్. ఎవడు చూడొచ్చాడు? ఇంజను వేడెక్కిందని చెప్పు. అందరి ఇంజన్లూ వేడెక్కుతాయి. నువ్వు దారిన పోతూ కనపడ్డ దేవుడివవుతావ్."

ఆ మాట చల్లటి మజ్జిగలా వీరబాబు గొంతులోకి దిగింది. మిగిలిన దారంతా, ఏ మొహం పెట్టుకుని ఏమని చెప్పాలో లోపల్లోపల సాధన చేసుకున్నాడు.

మిరపకల్లం పక్కన కనపడింది కారు. కనుచూపు మేర నేలమీద ఎర్రగా ఆరబోసిన కాయలు. వాటి అంచున, బోనెట్టు చుట్టూ నీలం పొగ తేలుతూ తెల్ల కారు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు. పెళ్ళికూతురు ఆరాధన తెల్లచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, మిరపకోరు ఘాటుకి వరసగా తుమ్ముతోంది. తుమ్మినప్పుడల్లా తల మీది మేలిముసుగు ఎగిరి పడుతోంది. కూలీల్లో నాగజ్యోతి అనే ఆవిడ తన తలగుడ్డ విప్పి ఆ పిల్ల ముక్కుకి అడ్డం పట్టుకుంది.

కారు ముందు ఏసోబు గారు చేతులు తిప్పుతూ నిలబడి ఉన్నాడు. పెళ్ళికూతురి పెదనాన్న. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బండి నడపడం రాదు గానీ, ఉద్యోగమంతా బస్సులోనే గడిచింది కాబట్టి డ్రైవింగ్ గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. అద్దె కారూ డ్రైవరూ పెడదామన్న తన మాట ఇంట్లో ఎవరూ విననందుకు ఆయనకి ముందే కడుపు మంటగా ఉంది. ఇప్పుడు పొగొచ్చింది.

"నేను ముందే చెప్పానా లేదా? క్లచ్చి మీద కాలు తియ్యవు. గేరు అరుస్తానే ఉంటది. బండి అన్నాక మొగోడి చెయ్యి పడాల. అక్కడ పాస్టరు గారు, పెళ్ళికొడుకు, ఊరంతా కాసుక్కూచున్నారు. పిల్లేమో మిరపకల్లంలో తుమ్ముతా నిలబడింది!"

రెబ్కా చేతిరుమాలు మెలితిప్పుతోంది. "నిజమే బావగారూ. నాకు చేతకాని పని నెత్తికెత్తుకున్నాను. పిల్ల ముచ్చటపడిందని... ఇదిగోండి తాళాలు. ఇక నా జన్మలో స్టీరింగు ముట్టుకోను" అని తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

వీరబాబు ఆటో దిగింది అప్పుడే. ఏసోబు గారి మొహం వెలిగిపోయింది. "దేవుడు పంపినట్టు వచ్చావయ్యా వీరబాబూ! చూడు నాయనా, ఏం కాలబెట్టిందో. ఆడాళ్ళు నడిపితే ఇంజను ఏమవుద్దో నువ్వన్నా చెప్పు."

వీరబాబు బోనెట్టు ఎత్తాడు. వేడి ఆవిరీ కమురు వాసనా మొహానికి కొట్టాయి. ఆయిలు ఇంజను పైనంతా చిమ్మి, వేడి గొట్టం మీద పడి కాలుతోంది. నడిమధ్యలో గుండ్రటి బొక్క, ఆకాశం వైపు నోరు తెరుచుకుని. వీపు జనం వైపు ఉంది. ఎవరికీ ఏమీ కనపడదు. జేబులోంచి మూత తీశాడు, పెట్టాడు, తిప్పాడు. టిక్కుమంది. అయిపోయింది.

"ఏం లేదండీ. కొంచెం వేడెక్కింది, అంతే" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"చూశారా! క్లచ్చి తొక్కీ తొక్కీ వేడెక్కించింది. నేనన్నానా లేదా?" అన్నాడు ఏసోబు గారు కల్లమంతా వినపడేలా.

వీరబాబు తల తిప్పి రెబ్కా వైపు చూశాడు. ఆవిడ మొహంలో కోపం ఉన్నా బాగుండేది. లేదు. అది తప్పు చేసినవాళ్ళ మొహం. ఇంతమందిలో ఆ మొహం పెట్టుకోవాల్సింది తాను. పొరపాటున తన వాటా అంతా ఆవిడ మోస్తోంది. పొద్దున ఆవిడ నేర్చుకుంటానంటే రెండడుగులు వెనక్కి పంపింది తనే. దారంతా సాధన చేసిన మాటలన్నీ ఒక్కసారిగా నోట్లో చేదుగా అనిపించాయి. ఇంకో క్షణం ఆగితే ధైర్యం చాలదని తెలిసి, గభాలున ఇటు తిరిగి, పెట్టిన మూత మళ్ళీ ఊడదీసి పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో, అందరూ చూడండి! ఇది ఇంజను ఆయిలు మూత. పొద్దున ఆయిలు పోసి దీన్ని పెట్టడం మర్చిపోయా. వెనక జేబులో వేసుకుని ఇడ్లీ తింటా కూచున్నా. ఇప్పుడు మీరెవరూ చూడకుండా పెట్టేసి, వేడెక్కిందని అబద్ధం కూడా చెప్పా. మేడమ్ గారి డ్రైవింగుకీ ఈ పొగకీ ఏ సంబంధమూ లేదు. తప్పు నాది."

ఆ గొంతు మామూలుగానే పక్క ఊరికి వినపడుతుంది. ఆ రోజు అవతలి చేలో గడ్డి మేస్తున్న గేదె కూడా తలెత్తి చూసింది. రహమాన్ నెత్తి కొట్టుకున్నాడు.

ముందుగా నవ్వింది నాగజ్యోతి. "ఇడ్లీ తింటా కూచున్నాడంట! నాయనా, చెయ్యన్నా కడుక్కున్నావా?" వీరబాబు చెయ్యి చూసుకున్నాడు. హ్యాండిలు మసితో కలిసి ఎండిపోయిన చట్నీ ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది. దాంతో కల్లమంతా గొల్లుమంది. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఆరాధన కూడా నవ్వింది.

రెబ్కా మాత్రం నవ్వలేదు. నేరుగా వీరబాబు ముందుకొచ్చి నిలబడింది. "ఇంజను పాడైపోయిందా?" అని అడిగింది.

వీరబాబు ఆయిలు మట్టం చూసే కొలపుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. "లేదు మేడమ్ గారూ. ఆయిలు తగ్గింది గానీ ఇంజను నిక్షేపంగా ఉంది. మీరు సరైన చోట ఆపారు. ఇంకెవరన్నా అయితే ఊరు దగ్గరపడింది గదా అని తొక్కుకుంటా పోయి, ఇంజను పట్టించి కూచునేవాళ్ళు. వాసన రాగానే ఆపాలని మీకెట్టా తెలిసింది?"

"తెలియడానికేముంది? అన్నం మాడితే పొయ్యి కట్టేస్తాం గదా. బావగారే ఆపొద్దన్నారు. టైమైపోతంది, లాగించెయ్యమన్నారు."

అందరి కళ్ళూ ఏసోబు గారి మీద పడ్డాయి. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని, మిరపకాయలు ఈ ఏడు ఎట్టా పండాయని పక్కనున్న కూలీ మనిషిని అడిగాడు.

అప్పుడు వచ్చింది రెబ్కాకి కోపం. అదీ మెల్లగా, అంచెలంచెలుగా. "వీరబాబు గారూ, పొద్దున నేను చూపించమన్నాను. చూపించి ఉంటే, మూత ఏదండీ అని అడిగేదాన్నా లేదా?"

"అడిగేవారు."

"ఇప్పుడు నా కళ్ళ ముందు చెయ్యండి. ప్రతిదీ చూపించండి. ఏది విప్పినా చెప్పండి, ఏది బిగించినా చెప్పండి. ఇంకే కథా వద్దు."

వీరబాబు తన జీవితంలో కథ లేకుండా చేసిన మొదటి పని అది. ఇంజను చల్లారేదాకా ఆగారు. నాగజ్యోతి పక్క చేలోంచి పురుగు తిన్న పత్తి ఒళ్ళో నింపుకుని తెచ్చింది. ఆ పత్తితోనే చిమ్మిన ఆయిలంతా తుడిచి, తుడిచిన ముద్దలు ఒక్కటి కూడా లోపల మిగలకుండా ఏరి పారేశాడు. డబ్బాలోని ఆయిలు పోశాడు. రెబ్కా చీరచెంగు నడుముకి దోపుకుని, కొలపుల్ల తనే తీసి, తనే తుడిచి, రెండు గీతల మధ్య ఆయిలు ఎక్కడుందో కళ్ళు చికిలించి చూసింది. మూత తనే పెట్టి తిప్పింది. ఆ తర్వాత వీరబాబు చెప్పకుండానే, బ్యాటరీ ఇదేనా, నీళ్ళు పోసేది ఇక్కడేనా అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు తొంగి చూశారు. "లోపల ఇంతేనా?" అంది నాగజ్యోతి, ఏదో గొప్ప రహస్యం తేలిపోయినట్టు.

"వీరబాబూ, ఇక్కడి నుంచి నువ్వే నడుపు నాయనా" అన్నాడు ఏసోబు గారు తాళాలు చాపుతూ.

వీరబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను రహమాన్ ఆటోలో మీ వెనకే వస్తానండీ. నాకు ఈ పూటకి బండ్లు ముట్టుకునే అర్హత లేదు."

"పిన్ని నడపకపోతే నేను ఈ కల్లంలోనే ఉంటా" అంది ఆరాధన. అని, మళ్ళీ తుమ్మింది.

రెబ్కా చెయ్యి చాపింది. "తాళాలు ఇటివ్వండి బావగారూ."

వేటపాలెం చర్చిలో గంట ఎప్పుడో కొట్టేశారు. పాటలు పాడేవాళ్ళు తమకొచ్చిన పాటలన్నీ పాడేసి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. పెళ్ళికొడుకు గేటు దగ్గరికీ లోపలికీ తిరిగి తిరిగి బూట్లకి దుమ్ము పట్టించుకున్నాడు. అటువంటి సమయంలో పూల కారు వచ్చింది. దాని వెనకే, బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ కొట్టుకుంటూ, డబ్బాలు మోగించుకుంటూ రహమాన్ ఆటో వచ్చింది. పెళ్ళివాళ్ళు అది ఆడపెళ్ళివారి బ్యాండుమేళం అనుకుని నవ్వుకున్నారు. ఆరాధన ముక్కు ఎర్రగా, కళ్ళల్లో నీళ్ళతో లోపలికి నడిచింది. పుట్టిల్లు వదిలి వస్తున్నందుకు పిల్ల ఎంత ఏడ్చిందో పాపం అని మగపెళ్ళివారి ముసలావిడ ఒకామె చెంగుతో కళ్ళొత్తుకుంది. అది మిరపకోరని ఎవరూ చెప్పలేదు.

వీరబాబు మసిబట్టలతో లోపలికి రాలేక గుమ్మం పక్కనే నిలబడ్డాడు. ప్రమాణాలు అయిపోయాక రెబ్కా బయటికొచ్చి, బిర్యానీ పంక్తిలో తన పక్కనే కుర్చీ చూపించింది. "ఈయన మా మెకానిక్" అని చుట్టాలకి పరిచయం చేసి, జరిగింది జరిగినట్టు, ఇడ్లీతో సహా చెప్పింది. అందరూ నవ్వారు. వీరబాబుకి తన కథ వేరేవాళ్ళ నోట వినడం అదే మొదటిసారి. ఆవిడ తనకంటే బాగా చెబుతోందని కూడా అనిపించింది. ఏసోబు గారు వచ్చి, ఎవరూ చూడకుండా రెబ్కా విస్తట్లో పెద్ద మాంసం ముక్క వేసి వెళ్ళాడు. అంతకు మించి క్షమాపణ ఆయన దగ్గర దొరకదని ఆవిడకి తెలుసు. నవ్వుకుని తినేసింది.

సాయంత్రం రహమాన్‌కి ఇంకో లోడు దొరికి ఉండిపోయాడు. వీరబాబుని బైకు దగ్గర దింపుతానని రెబ్కా అంది. దారిలో ఒక సీసాలో పెట్రోలు పోయించుకుని, వీరబాబు ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆడవాళ్ళు నడిపే కారులో కూర్చోవడం అతనికి కొత్త. మొదట్లో, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ బిగుసుకుని కూర్చున్నాడు. గుంట వస్తే ఆవిడ ముందే గేరు తగ్గిస్తోంది. మలుపు దగ్గర ఇంజను కూడా ఇబ్బంది పడకుండా తిప్పుతోంది. క్లచ్చి మీద కాలు ఎక్కడా ఉంచడం లేదు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి, ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ, కిటికీలోంచి వచ్చే గాలికి అలాగే ఒరిగిపోయాడు.

అతని ఒళ్ళోని ఫోన్ మోగితే రెబ్కా కారు పక్కకి తీసి, ఆపి, ఎత్తి తన పేరు చెప్పింది. అవతల కోటేశ్వరి. పొద్దుట్నుంచీ ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. "దొరికిందా అండీ కారు? పెళ్ళి జరిగిందా? ఆయనేడీ?"

"అంతా బాగా జరిగిందమ్మా. ఈయన నా పక్కనే నిద్రపోతున్నాడు. లేపమంటారా?"

అవతల నవ్వు.

"నోరు మూసుకునున్నాడా మేడమ్ గారూ? అయితే లేపమాకండి. బైకు దాకా నిదానంగా పోనివ్వండి."